లుటీషియం, రేడియం ఎక్కించాక ఏమవుతుంది? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్‌కు నరంలోకి ఎక్కించే రేడియోధార్మిక మందుల మీద వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువమందికి పనికొచ్చే వాటిని ఇక్కడ ఇస్తున్నాం. అడిగినవాళ్ల పేర్లు వేయడం లేదు. దాదాపు అందరి ఉత్తరాల్లోనూ ఒకే భయం కనిపించింది: ఇబ్బంది ఉందని చెబితే డాక్టరు చికిత్స ఆపేస్తారేమోనని. ఈ భయం వల్ల జరిగే నష్టం గురించి రెండో జవాబులో వివరంగా రాశాం.

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. హార్మోన్ ఇంజెక్షన్లు, డోసిటాక్సెల్ కీమో అయిపోయాయి. ఇప్పుడు లుటీషియం ఎక్కిద్దామంటున్నారు. కీమోలో జుట్టు మొత్తం రాలిపోయింది, అరికాళ్లు తిమ్మిరెక్కాయి. మళ్లీ అవన్నీ పడాల్సిందేనా?

జవాబు: ఆ రెండూ ఈ మందుకు సంబంధించిన ఇబ్బందులు కావు. దీని ఇబ్బందులు వేరు. అవి ఎక్కడ వస్తాయో ముందే ఊహించవచ్చు, ఎందుకంటే మందు శరీరంలో ఎక్కడికి వెళ్తుందో తెలుసు.

ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల పైపొర మీద పీఎస్‌ఎంఏ అనే ప్రొటీన్ గుబురుగా ఉంటుంది. దాన్ని వెతుక్కుని పట్టుకునే చిన్న అణువుకు లుటీషియం-177 తగిలించి నరంలోకి పంపుతారు. అది కణానికి అతుక్కుని, లోపలికి చేరి, బీటా కిరణాలతో ఆ కణం డీఎన్ఏను తెంపుతుంది. ఈ కిరణాలు శరీర కణజాలంలో మహా అయితే 2 మిల్లీమీటర్ల దూరం పోతాయి. బయటి నుంచి పెట్టే రేడియేషన్‌లో లాగా దారి పొడవునా చర్మం, పేగులు కాలకపోవడానికి కారణం ఇదే.

చిక్కు ఎక్కడంటే, పీఎస్‌ఎంఏ క్యాన్సర్ కణాల మీద మాత్రమే ఉండదు. మూత్రపిండాల గొట్టాల్లో, చిన్నపేగు మొదటి భాగంలో కూడా ఉంటుంది. లాలాజల గ్రంథులు, కన్నీటి గ్రంథులు కూడా ఈ మందును పట్టుకుంటాయి. పైగా మందు రక్తంలో తిరుగుతున్నంతసేపూ, ఎముకల్లోని గడ్డలకు అతుక్కున్నాక కూడా, పక్కనే ఉన్న, రక్తకణాలు తయారయ్యే ఎముక మజ్జకు కొంత దెబ్బ తగులుతుంది. నోరెండిపోవడం, వికారం, రక్తకణాలు తగ్గడం, కొందరిలో కిడ్నీ పరీక్షల్లో మార్పు రావడం, అన్నీ ఈ దారిలో వచ్చేవే.

ఎంతమందికి వస్తాయన్నది 2021లో ఫలితాలు వెలువడిన విజన్ ట్రయల్‌లో స్పష్టంగా కనిపించింది. మందు తీసుకున్న ప్రతి 100 మందిలో 43 మందికి నీరసం, 39 మందికి నోరెండడం, 35 మందికి వికారం, 32 మందికి రక్తహీనత వచ్చాయి. ఈ మందు లేకుండా మామూలు వైద్యం మాత్రమే అందిన వాళ్లలో నోరెండడం 1 శాతం కూడా లేదు, నీరసం మాత్రం 23 మందికి ఉంది. అంటే నీరసంలో సగం దాకా జబ్బుదే, నోటి పొడితనం మాత్రం పూర్తిగా మందుదే. ఈ ఇబ్బందుల్లో ఎక్కువ భాగం తేలికపాటివి. తీవ్రమైన వాటిలో ముందుండేది రక్తహీనత, సుమారు 13 శాతం. ప్లేట్‌లెట్లు తీవ్రంగా పడిపోయినవాళ్లు 8 శాతం.

మామూలుగా ఒక విడతకు 7.4 గిగాబెకరెల్ (రేడియోధార్మికతను కొలిచే కొలత), అంటే 200 మిల్లీక్యూరీలు ఇస్తారు. 6 వారాలకోసారి, గరిష్ఠంగా 6 విడతలు. వికారం వస్తే మొదటి రెండు మూడు రోజుల్లోనే వస్తుంది. ఎక్కించే ముందే ఆన్‌డాన్‌సెట్రాన్ లాంటి మందు ఇవ్వడం మామూలే, ఇంటికి కూడా కొన్ని మాత్రలు రాయించుకోండి. అయితే ఆ మాత్రలకు మలబద్ధకం తోడవుతుంది. నొప్పికి మార్ఫిన్ తరహా మందులు వాడుతున్నవారికి ఇది రెట్టింపు బాధ, కాబట్టి విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటి రోజు నుంచే వేసుకోవాలి, మూడు రోజులు బిగుసుకుపోయాక మొదలుపెడితే చాలా కష్టం. నీరసం మొదటి ఒకటి రెండు వారాల్లో ఎక్కువగా ఉండి మెల్లగా తగ్గుతుంది. తగ్గకుండా విడత విడతకూ పెరుగుతుంటే వయసు మీదకు నెట్టేయకుండా హిమోగ్లోబిన్ చూపించండి.

ప్రశ్న: మా మావయ్యగారికి లుటీషియం రెండు విడతలయింది. నోరు ఎండిపోతోంది, రాత్రి రెండు మూడు సార్లు లేచి నీళ్లు తాగుతున్నారు. ముద్ద గొంతులో అడ్డుపడుతోందంటారు. డాక్టరు అడిగితే మాత్రం 'ఏం లేదండీ, బాగానే ఉంది' అంటారు. చెబితే మూడో విడత ఆపేస్తారని ఆయన భయం. మేం చెప్పాలా వద్దా?

జవాబు: చెప్పి తీరాలి, అదీ మూడో విడతకు ముందే. కారణం చూడండి. లాలాజల గ్రంథుల్లో నష్టం విడత విడతకూ పేరుకుంటుంది. మొదటి దశలో ఉన్నప్పుడు కొంత కోలుకుంటాయి, కానీ బాగా దెబ్బతిన్న గ్రంథి తిరిగి మామూలు కావడం కష్టం. దాచడం వల్ల మూడో విడత పూర్తి మోతాదులో పడుతుంది, ఆ తర్వాత మిగతా మూడూ పోయే పరిస్థితి రావచ్చు. చెబితే కాస్త ఆగో, మోతాదు 20 శాతం తగ్గించో, 5.9 గిగాబెకరెల్ దగ్గర, చికిత్స కొనసాగించే వీలుంటుంది. నిజం చెప్పినందుకు మొత్తం ఆపేయడం అరుదు. దాచిపెట్టాక ఆపాల్సి రావడమే మనం తప్పించుకోవలసింది.

'నోరెండుతోంది' అన్న ఒక్క మాట వల్ల డాక్టరుకు తీవ్రత తెలియదు. ఇలా చెప్పండి. నోరు పొడిగా ఉంది, ఉమ్మి చిక్కగా ఉంది, తిండి మాత్రం మారలేదు అంటే మొదటి స్థాయి. తడిగా, మెత్తగా ఉన్నవి మాత్రమే మింగగలుగుతున్నారు, ప్రతి ముద్దకూ నీళ్లు తాగాల్సి వస్తోంది అంటే రెండో స్థాయి. నోటితో తిండి సరిపోవడం లేదంటే మూడో స్థాయి. మీరు రాసిన దాన్ని బట్టి మావయ్యగారు రెండో స్థాయిలో ఉన్నట్టున్నారు. నీళ్లు లేకుండా చిన్న బిస్కెట్ ముక్క నమిలి మింగగలరేమో ఇంట్లోనే చూడండి. ఆ ముక్క అంగిట్లో అతుక్కుపోతే ఆ విషయం అలాగే డాక్టరుతో చెప్పండి.

ఇక ఇంట్లో చేయవలసినవి. నీళ్ల సీసా ఎప్పుడూ చేతిలో ఉండాలి, ఒకేసారి గ్లాసుడు తాగడం కంటే గంటకు నాలుగైదు గుక్కలు మేలు. జైలిటాల్ ఉన్న చక్కెరలేని చూయింగ్ గమ్, మిగిలి ఉన్న గ్రంథిని కాస్త పనిచేయిస్తుంది. కృత్రిమ లాలాజలం స్ప్రే లేదా జెల్ పడుకునే ముందు వాడితే రాత్రి లేవడం తగ్గుతుంది. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ పక్కన పెట్టేసి, లీటరు నీళ్లలో ఒక చెంచా ఉప్పు, ఒక చెంచా వంటసోడా కలిపి రోజుకు నాలుగైదు సార్లు పుక్కిలించాలి. పులుపు చప్పరిస్తే ఉమ్మి ఊరుతుందని కొందరు అదే పనిగా నిమ్మ చప్పరిస్తారు. లాలాజలం తక్కువగా ఉన్నప్పుడు ఆ ఆమ్లం పళ్ల పైపొరను తినేస్తుంది, ఉన్న పళ్లూ పోతాయి. వద్దు.

పళ్ల మాట వచ్చింది కాబట్టి: లాలాజలం తగ్గితే పన్ను చిగురుతో కలిసే చోట పుచ్చు మొదలవుతుంది, బయటికి కనపడేసరికి లోపలికి పోయి ఉంటుంది. మొదటి విడతకు ముందే దంతవైద్యుడికి చూపించుకోవాలి, తర్వాత ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న పేస్టు రాయించుకోవాలి. నాలుక మీద తెల్లని పొర, మంట కనిపిస్తే అది ఫంగస్ కావచ్చు. దానికి మందు ఉంది, పొడితనమని ఓర్చుకోవడంలో అర్థం లేదు.

తరచుగా మరిచిపోయేది ఇంకోటి. మూత్రం పట్టు తప్పకుండా ఇచ్చే ఆక్సిబ్యుటినిన్, టాల్టరోడిన్, నిద్రకో నరాల నొప్పికో ఇచ్చే అమిట్రిప్టిలిన్, అలెర్జీ మాత్రలు, ఇవన్నీ నోరెండబెట్టేవే. ప్రోస్టేట్ రోగుల చీటీల్లో వీటిలో ఒకటో రెండో ఉండడం సాధారణం. మందుల చీటీ మొత్తం తీసుకెళ్లి 'వీటిలో నోరెండబెట్టేవి ఏమిటి, మార్చగలరా' అని అడగండి. పిలోకార్పిన్ అనే మాత్ర కొందరిలో ఉమ్మిని పెంచుతుంది, కానీ చెమటలు పట్టిస్తుంది. ఉబ్బసం, కొన్ని రకాల గ్లకోమా ఉన్నవారికి పనికిరాదు. ఎక్కించేటప్పుడు బుగ్గల కింద ఐస్ ప్యాకులు పెడతారు కొన్నిచోట్ల. దాని మేలు గట్టిగా రుజువు కాలేదు, హాని మాత్రం లేదు. కళ్లు కూడా పొడిబారి గరగరలాడుతుంటే కృత్రిమ కన్నీటి చుక్కలు అడగండి, కన్నీటి గ్రంథులూ ఈ మందును పట్టుకోవడమే కారణం.

ప్రశ్న: మూడో విడతకు వెళ్తే ప్లేట్‌లెట్లు 68 వేలే ఉన్నాయని వాయిదా వేశారు. ఈలోగా క్యాన్సర్ పెరిగిపోతుందేమోనని ఇంట్లో అందరికీ ఆందోళనగా ఉంది. డబ్బు కట్టి, తేదీ తీసుకుని, తీరా వెళ్లాక వెనక్కి పంపడమేమిటి?

జవాబు: మీ ఆందోళన అర్థమవుతుంది, కానీ వాయిదా వేయడమే సరైన పని. ప్లేట్‌లెట్లు 75 వేల నుంచి 50 వేల మధ్య ఉంటే రెండో స్థాయి తగ్గుదల అంటారు. అలాంటప్పుడు అవి 75 వేలు దాటేదాకా, లేదా మొదట్లో ఉన్న స్థాయికి వచ్చేదాకా ఆపుతారు, తర్వాత కొనసాగిస్తారు. 50 వేల కంటే దిగితే మూడో స్థాయి. కోలుకున్నాక తర్వాతి విడత 20 శాతం తగ్గించి ఇస్తారు, ఒకసారి తగ్గించిన మోతాదును మళ్లీ పెంచరు. తగ్గించాక కూడా మళ్లీ మూడో స్థాయికి పడితే మందు మానేస్తారు. విడతల మధ్య దూరాన్ని 6 వారాల నుంచి 10 వారాల దాకా పొడిగించే వీలుంది. ఎక్కిన మందు లక్ష్యం దగ్గర కొన్ని రోజులపాటు పనిచేస్తూనే ఉంటుంది, కాబట్టి రెండు మూడు వారాల ఆలస్యాన్ని చికిత్స ఆగిపోయినట్టుగా చూడనక్కర్లేదు.

మజ్జ దెబ్బతినడానికి రెండు మూడు కారణాలు కలుస్తాయి. అంతకుముందు పడిన కీమో, నడుముకు పెట్టిన రేడియేషన్, ఎముకల్లో జబ్బు ఎంత పరుచుకుందన్నది. ఎముకలు నిండా గడ్డలున్నవారిలో కణాలు పడిపోయే ప్రమాదం ఎక్కువ. ఒక విషయం గుర్తుంచుకోండి: జబ్బే మజ్జను ఆక్రమించినా కణాలు పడిపోతాయి. వారాల తరబడి ఆగినా కోలుకోకపోతే, ఇది మందు వల్లా, జబ్బు వల్లా అన్న ప్రశ్న డాక్టరును అడగాలి, ఎందుకంటే రెండింటికీ చేయవలసింది వేర్వేరు.

మూడు నుంచి ఆరు వారాల మధ్య కణాలు బాగా అడుగుకు వెళ్తాయి. అందుకే తేదీకి వారం ముందే రక్తపరీక్ష చేయించి రిపోర్టు పంపడం అలవాటు చేసుకోండి. ఆస్పత్రిదాకా వెళ్లి వెనక్కి రావలసిన అవస్థ తప్పుతుంది, మందు తెప్పించాక వృథా కావడమూ తప్పుతుంది. లుటీషియం రోజురోజుకూ కరిగిపోయే సరుకు, మీకోసం ఆ రోజుకు లెక్కకట్టి తయారు చేయిస్తారు.

ప్లేట్‌లెట్లు తక్కువున్న రోజుల్లో ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు మానాలి. గుండెకు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే మీ అంతట మీరు ఆపొద్దు, వెంటనే డాక్టరుకు చెప్పండి. చిగుళ్ల నుంచి రక్తం, కాళ్ల మీద ఎర్రని సూదిమొన చుక్కలు, నల్లగా తారులా విరేచనం కనిపిస్తే అదే రోజు వెళ్లాలి. తెల్లకణాల సంగతి వేరు, అవి తగ్గితే ఇన్ఫెక్షన్ త్వరగా ముదురుతుంది: 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్ జ్వరం తాకితే పారాసెటమాల్ వేసుకుని తెల్లారేదాకా చూడకూడదు, రాత్రయినా ఫోన్ చేయాలి. హిమోగ్లోబిన్ 8 కంటే కిందికి దిగితే రక్తం ఎక్కించాల్సి రావచ్చు. కొన్ని ఏళ్ల తర్వాత మజ్జలో వేరే రక్తజబ్బు రావడం అనేది ఉంది కానీ చాలా అరుదు. చికిత్స వద్దనుకునేటంత కారణం అది కాదు.

ప్రశ్న: నాన్న ఉండే ఇంట్లోనే మా రెండేళ్ల బాబు, నేను ఆరో నెల గర్భిణి. ఎక్కించాక నాన్నను ఎన్ని రోజులు దూరంగా ఉంచాలి? పళ్లెం, గ్లాసు వేరుగా పెట్టాలా? ఆయనకు మూత్రం లీక్ అవుతుంది, డైపర్లు వాడతాం.

జవాబు: మొదట డిశ్చార్జి కాగితం మీద రాసిందే ఆచరించండి, ఎందుకంటే ఎంత మోతాదు పడింది, బయటికి వచ్చే రేడియేషన్ (బీటాతో పాటు లుటీషియం వదిలే గామా కిరణాలు శరీరం దాటి వస్తాయి) ఎంత కొలిచారు అన్నదాన్ని బట్టి రాస్తారు. అందులో ఏమీ లేకపోతే మందుతో పాటు ఇచ్చే సూచనల్లోని లెక్క ఇది. పెద్దవాళ్లకు మీటరు దూరం 2 రోజులు, పిల్లలకు, గర్భిణులకు 7 రోజులు. పడక గది వేరు: పెద్దవాళ్లకు 3 రోజులు, పిల్లలకు 7, గర్భిణులకు 15. మీకు పగలు 7, రాత్రి 15 అని గుర్తుపెట్టుకోండి. బాబును వారం పాటు ఒళ్లో కూర్చోబెట్టుకోకుండా చూడాలి. ఎదురుగా రెండు మీటర్ల దూరంలో కూర్చుని మాట్లాడటం, నవ్వుకోవడం, టీవీ చూడటం వీటికేమీ అడ్డులేదు. పెద్దాయన్ను తలుపేసి వదిలేయకండి. దూరం రెట్టింపయితే తగిలే కిరణాలు నాలుగో వంతుకు పడిపోతాయి, అందుకే మీటరు, రెండు మీటర్లకే ఇంత విలువ.

మందు బయటికి వచ్చే ముఖ్యమైన దారి మూత్రం, అదీ మొదటి రెండు రోజుల్లో అత్యధికం. శ్రద్ధ అక్కడ పెట్టండి. కూర్చునే మూత్రం పోయాలి, ఒక్క చుక్క నేల మీద పడకుండా. మూత వేసి రెండుసార్లు ఫ్లష్ చేయాలి, చేతులు సబ్బుతో కడగాలి. నీళ్లు బాగా తాగి తరచుగా వెళ్లడం వల్ల మూత్రాశయానికీ, మూత్రపిండాలకీ మంచిది. గుండె బలహీనత వల్ల నీళ్లు కొలిచి తాగమన్నవాళ్లు మాత్రం ఎంత తాగాలో ముందే అడిగి తెలుసుకోవాలి.

డైపర్లు మార్చేవాళ్లు గర్భిణి కాకూడదు, గ్లోవ్స్ తప్పనిసరి. వాడిన డైపర్లను రెండు సంచుల్లో గట్టిగా కట్టి మనుషులు తిరగని చోట ఉంచాలి. లుటీషియం సగం కావడానికి 6.65 రోజులు పడుతుంది. పది సార్లు సగం అయ్యేసరికి, సుమారు 67 రోజుల్లో, వెయ్యిలో ఒక వంతే మిగులుతుంది. అందుకే చెత్తను ఎన్ని రోజులు ఉంచాలో, లేదా ఆస్పత్రికే తిరిగి ఇవ్వాలో అక్కడే అడగండి, వాళ్లకు పద్ధతి ఉంటుంది. ఉచ్చ సంచి ఉన్నా అంతే. తడిసిన బట్టలు వేరుగా ఉతకండి. పళ్లెం, గ్లాసు మొదటి రోజుల్లో వేరుగా కడిగితే చాలు, పారేయాల్సిన అవసరం లేదు.

ఇంకో సంగతి చాలామంది అడగడానికి సంకోచిస్తారు. భార్యతో కలయిక 7 రోజులు వద్దు. పిల్లలు పుట్టే అవకాశమున్న జంటలు చివరి విడత తర్వాత 14 వారాల దాకా గర్భం రాకుండా జాగ్రత్త పడాలి. ఈ మందు సంతానశక్తిని తాత్కాలికంగానో, శాశ్వతంగానో తగ్గించవచ్చు.

ప్రశ్న: మా తమ్ముడికి లుటీషియం కాకుండా రేడియం-223 ఇస్తామన్నారు. రెండూ ఒకటేనా? నోరెండుతుందా?

జవాబు: కుటుంబం ఒకటే, దారులు వేరు. రేడియం పీఎస్‌ఎంఏను వెతకదు. కాల్షియంలా నటిస్తూ, ఎముక కొత్తగా పెరుగుతున్న చోట, అంటే గడ్డ చుట్టూ, కూర్చుంటుంది. అందుకే ఎముకల్లో మాత్రమే జబ్బు ఉండి, కాలేయం, ఊపిరితిత్తుల్లాంటి అవయవాలకు పాకని వాళ్లకు ఇస్తారు. లాలాజల గ్రంథులతో దీనికి పని లేదు, కాబట్టి నోరెండడం ఈ మందు లక్షణం కాదు. ఇది వదిలే ఆల్ఫా కణాలు 0.1 మిల్లీమీటరు కూడా పోవు, మజ్జకు దెబ్బ లుటీషియం కంటే పరిమితం. కిలో బరువుకు 55 కిలోబెకరెల్ చొప్పున 4 వారాలకోసారి, 6 ఇంజెక్షన్లు. ఒక్కోటీ ఒక నిమిషంలో అయిపోతుంది.

ఇది ఎక్కువగా మలం ద్వారా పోతుంది. అందుకే వికారంతో పాటు విరేచనాలు ఎక్కువ. ఇక్కడా జాగ్రత్త మరుగుదొడ్డి దగ్గరే: ఒక వారం పాటు రెండుసార్లు ఫ్లష్ చేయడం, చేతులు కడగడం, మలమూత్రాలు ముట్టేటప్పుడు గ్లోవ్స్. పిల్లల్ని ఎత్తుకోవడం, పక్కన పడుకోవడం వీటికి లుటీషియంకున్నంత కట్టుబాటు లేదు, ఎందుకంటే ఆల్ఫా కణాలు శరీరం దాటి రావు. కాళ్ల వాపు కొందరిలో వస్తుంది.

మొదటి ఇంజెక్షన్‌కు ముందు హిమోగ్లోబిన్ 10, ప్లేట్‌లెట్లు లక్ష, న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు) 1,500 ఉండాలి. తర్వాతి వాటికి ప్లేట్‌లెట్లు 50 వేలు, న్యూట్రోఫిల్స్ 1,000 సరిపోతాయి. చివరి ఇంజెక్షన్ నుంచి 6 నుంచి 8 వారాల్లో కోలుకోకపోతే ఆపేస్తారు.

అసలు అప్రమత్తత ఒకచోట అవసరం. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు వాడే అబిరటెరోన్, దానికి తోడుగా ఇచ్చే ప్రెడ్నిసోలోన్‌లతో కలిపి రేడియం ఇచ్చిన ఈఆర్ఏ-223 ట్రయల్‌లో ఎముకలు విరిగినవాళ్లు 29 శాతం, రేడియం లేకుండా ఇచ్చిన చోట 11 శాతమే. కాబట్టి రేడియం, అబిరటెరోన్‌లను కలిపి ఇవ్వరు. మీ తమ్ముడు అబిరటెరోన్ వాడుతుంటే ఈ విషయం డాక్టరు దృష్టికి తేవడం మీ హక్కు. రేడియం తీసుకునేవారికి ఎముకలను కాపాడే డెనోసుమాబ్ లేదా జోలెడ్రోనిక్ యాసిడ్ ముందుగా మొదలుపెడితే విరుగుళ్లు బాగా తగ్గుతాయి. వాటికి కాల్షియం, విటమిన్ డి తోడు ఉండాలి, పన్ను పీకించుకోవలసింది ఉంటే అవి మొదలయ్యే ముందే పీకించాలి, లేకపోతే దవడ ఎముక మానకుండా ఉండిపోయే ప్రమాదం ఉంది.

పీఎస్ఏ (ప్రోస్టేట్ జబ్బును గమనించడానికి రక్తంలో చూసే అంకె) తగ్గకపోయినా బెంగపడకండి. రేడియంతో పీఎస్ఏ తగ్గడం సాధారణం కాదు, ఎముకల్లో జబ్బు ఎలా ఉందో చెప్పే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ రక్తపరీక్షలో తగ్గుతోందేమో చూస్తారు.

ప్రశ్న: ఎక్కించిన మూడో రోజు నడుం నొప్పి ఇంతకింతయింది. రాత్రంతా నిద్ర లేదు. మందు పడలేదంటారా?

జవాబు: గడ్డ వాచడం వల్ల మొదటి వారంలో నొప్పి కాస్త ముదిరి, తర్వాత తగ్గడం తెలిసిన విషయమే. నొప్పి తగ్గించే మాత్ర మోతాదు తాత్కాలికంగా పెంచడం, కొన్ని రోజులు వాపు తగ్గించే డెక్సామెథాసోన్ ఇవ్వడం డాక్టరు చేతిలో ఉంది, అడగండి.

కానీ ఇందులో ఒకదాన్ని వేరుచేసి చూడాలి. నడుం నొప్పితో పాటు కాళ్లు బరువుగా, లాగినట్టు అనిపించడం, మెట్లెక్కలేకపోవడం, బొడ్డు కింద తిమ్మిరి, కూర్చునే చోట స్పర్శ తెలియకపోవడం, మూత్రం బిగుసుకుపోవడం లేదా మలం తెలియకుండా పోవడం, దగ్గినప్పుడు పక్కటెముకల చుట్టూ పట్టీలా నొప్పి, వీటిలో ఏదున్నా వెన్నుపాము నొక్కుకుంటోందేమోనని ఆ రోజే, గంటల్లోనే ఎమ్మారై తీయించాలి. నడవగలిగే స్థితిలో వైద్యం అందితే నడక నిలిచే అవకాశం ఎక్కువ, ఆగిపోయాక తిరిగి రావడం కష్టం. వెన్నెముకలో జబ్బున్నవారి ఇంట్లో ఈ లక్షణాలు కాగితం మీద రాసి గోడకు అంటించుకోవాలన్నది మా గట్టి మాట.

ప్రశ్న: క్రియాటినిన్ 1.1 నుంచి 1.4 అయింది. కిడ్నీలు పోతాయా?

జవాబు: ఈ ఒక్క అంకెను బట్టి అలా చెప్పలేం. లుటీషియం మూత్రపిండాల ద్వారా పోతుంది కాబట్టి వాటి పనితీరును చూపే క్రియాటినిన్‌ను ప్రతి విడతకు ముందు చూస్తారు. క్రియాటినిన్ మొదటి విలువ నుంచి 40 శాతం పెరిగి, అది రెండోసారి పరీక్షలోనూ ఖాయమైతే మోతాదు తగ్గించాలో లేదో చూస్తారు. మీ 1.1కు 40 శాతం కలిపితే సుమారు 1.54. నీళ్లు తక్కువ తాగడం, విరేచనాలు, నొప్పి మాత్రలు, రంగు మందు ఎక్కించి తీసే కాంట్రాస్ట్ స్కాన్ లాంటి వాటివల్లా అంకె పెరుగుతుంది. ఇంకా ముఖ్యమైనది, ప్రోస్టేట్ జబ్బు మూత్రనాళాన్ని అడ్డగించిందా అన్నది. కడుపు అల్ట్రాసౌండ్‌తో తేలిపోతుంది, అడ్డు ఉంటే తొలగించవచ్చు. మూత్రం ధార తగ్గినా, నడుం పక్కన బరువుగా ఉన్నా చెప్పండి.

ప్రశ్న: మొదటి విడత అయి నాలుగు వారాలకు పీఎస్ఏ 84 నుంచి 97కు పెరిగింది. మందు పనిచేయనట్టేనా?

జవాబు: ఒక్క విలువతో తేల్చరు. మొదటి 12 వారాల లోపు పీఎస్ఏ పెరిగి తర్వాత దిగడం కొందరిలో ఉంటుంది. నొప్పి తగ్గుతోందా, స్కాన్ ఏమంటోంది కూడా కలిపి చూస్తారు.

ప్రశ్న: ఆక్టీనియం-225 బాగా పనిచేస్తుందని విన్నాం. దాని దుష్ఫలితాలు?

జవాబు: ఆల్ఫా కణాలు వదిలే మందు, పీఎస్‌ఎంఏకే అతుక్కుంటుంది. అందుకే నోరెండడం లుటీషియం కంటే తీవ్రంగా, ఎక్కువమందికి వస్తుంది. చికిత్స మధ్యలో మానేయడానికి అదే పెద్ద కారణం. లుటీషియంతో ఇప్పటికే నోరు ఎండినవాళ్లు ఇటు వెళ్లేముందు రెండో జవాబులో చెప్పిన స్థాయి ఏదో ఖాయం చేసుకుని, ఇంకా ఎంత గ్రంథి మిగిలి ఉందో డాక్టరుతో మాట్లాడాలి.

ప్రశ్న: ఎక్కించిన పది రోజులకు విమానంలో ఊరెళ్లాలి. అడ్డుపెడతారా?

జవాబు: ఎయిర్‌పోర్టు, రేవు, సరిహద్దు చెకింగ్‌లలో ఉండే రేడియేషన్ డిటెక్టర్లు చాలా సున్నితం. మనిషికి హాని చేయనంత స్థాయిలో ఉన్నా మోగవచ్చు, ఎక్కించిన కొన్ని వారాల తర్వాత కూడా. న్యూక్లియర్ మెడిసిన్ విభాగం నుంచి ఒక లేఖ తీసుకోండి. అందులో ఐసోటోపు (లుటీషియం-177 లాంటి రేడియోధార్మిక పదార్థం) పేరు, ఇచ్చిన తేదీ, మోతాదు, విభాగం ఫోన్ నంబరు ఉండాలి. పక్క సీటులో గర్భిణి, చిన్నపిల్లలు లేకుండా సీటు అడగండి. దాన్ని ముందే అడిగితే మార్చడం తేలిక.